ఘన్‌పూర్ కాడ లారీ ఎందుకు హీటెక్కేది

"తాతా, ఒక్కటి అడుగుత, నిజం చెప్తవా? అమ్మను చూసుటానికి లారీ ఖరాబైందని సేటుకు అబద్ధం చెప్పేటోనివట గదా?"

ఎవలు చెప్పిన్రు నీకు? ఆగు, నువ్వు చెప్పకు, నేనే చెప్త. యాదగిరి తాత. నిన్న పెండ్లిల బంతిల కూసోని చెప్పిండు, అందరు పొట్ట పట్టుకోని నవ్విన్రు. నేను అవుతలి బంతిల ఉండి అన్నీ ఇన్న. నాకు కండ్లకే మసక, చెవులు మంచిగనే ఉన్నయి.

నా మాటలు ఫోన్ల పట్టుకుంటానవు గదా, పట్టు మరి. జర దగ్గరికి జరుపు. ఎక్కుతాందా? ఆఁ. ఇగో పిల్లలూ, శ్రావణీ, నీ తమ్ముడు, ఇంక దుబ్బులకెళ్ళి మొలిచినట్టు ఎంతమంది ఉన్నరో మీరందరు... మీరు ఇన్నది ఒక కత. జరిగింది వేరే. జరిగిన సంగతి మీకు ఇప్పటిదాక ఎవ్వలు చెప్పలే. ఇనుండ్రి.

ఎమర్జెన్సీ పోయినంక సంగతి ఇది. అప్పుడు నేను వరంగల్‌ల, మట్టెవాడల ఒక సేటు కాడ లారీ నడుపుతుంటి. వరంగల్ నుంచి పత్తి బేళ్ళు హైదరాబాద్ పోతుండె, మల్లొచ్చేటప్పుడు సిమెంటో, సబ్బుల పెట్టెలో, ఏది దొరికితె అది. లారీ పాతది. నా చేతికి రాకముందు ఎంతమంది చేతులు మారిందో. ముందట ముక్కు పొడుగు, బానెట్ ఎత్తితె ఇంజన్ మొత్తం కనపడేది. స్టీరింగ్ తిప్పాలంటె రెక్కలు పోయేటియి. పావలకు చాయ్ దొరికే రోజులు, చాయ్ తాగి, భుజాలు ఒత్తుకోని మల్ల ఎక్కుతుంటి.

మీ అమ్మమ్మేమొ పరకాల అవుతల మా ఊర్ల ఉండె. మా అవ్వ మంచంల పడ్డది, ఆమెను ఇడిసిపెట్టి మీ అమ్మమ్మ రాలేకపోయేది. మా ఊర్ల బడి ఉన్నదంటె ఉన్నది, సారు వస్తె వచ్చినట్టు. నాకేమొ ఒక్కతే బిడ్డ, మీ అమ్మ సరోజ. సదువుకోవాలె, నా లెక్క వేలిముద్ర... కాదు, నేను సంతకం పెడుత, అబద్ధమెందుకు, సంతకం వరకు వస్తది. బిడ్డకు అంతకంటె ఎక్కువ రావాలె అనుకున్న. అందుకే మేనమామ ఇంట్ల పెట్టినం. స్టేషన్ ఘన్‌పూర్‌ల. మీ అమ్మమ్మకు తమ్ముడు, నాకు బామ్మర్ది, మీ యాదగిరి తాత. రోడ్డు మీదనే బడి, ఎనుక సందుల వాని ఇల్లు. రెండెకరాల పొలం, బాయి మీద ఆయిల్ ఇంజను. మంచిగ బతికేటోడే.

అమ్మ ఒక కాడ, అయ్య ఒక కాడ, బిడ్డ ఒక కాడ. నాకు స్టీరింగ్ పట్టుకున్నంత సేపు అదే ఫికర్. తిన్నదా? జరమొచ్చిందా? పేన్లు చూస్తున్నరా? రోడ్డు దాటేటప్పుడు చెయ్యి ఎవలు పట్టుకుంటున్నరు? నేను డ్రైవర్‌ను గదా బిడ్డా, ఆ రోడ్డు మీద లారీలు ఎట్లొస్తయో నాకంటె ఎక్కువ ఎవలకు తెలుస్తది? ఒకసారి కలల మీ అమ్మ రోడ్డు దాటుతాంది, వచ్చే లారీ నాదే... వద్దు, అది చెప్పొద్దు.

పోయేటప్పుడు తెల్లారకముందే ఘన్‌పూర్ దాటుతుంటి, పిల్ల పండుకోని ఉండేది. చూసేది వచ్చేటప్పుడే. బడి ఇడిసే యాల్లకు అటుఇటుగ వస్తుంటి. చాయ్ తాగేంత సేపు యాడన్న ఆపుకో అని సేటే చెప్పిండు, ఆ చాయ్ నేను తాగకపోయేది, బడి గేటు కాడ ఆపి పిల్లను చూసేది. చేతుల బిస్కెట్ పుడ పెట్టి, తల నిమిరి, ఎక్కి పోయేది. గంతే. గేటు కాడ దొరికితె దొరికినట్టు, ఇంటికి పోయిందంటె లేదు. లోడు లారీని రోడ్డు మీద ఇడిసి సందులకు పోను. సేటు మాల్ మీద ఈగ వాలినా నేనే జవాబు చెప్పాలె. నేను గట్లనే ఉంటి, నన్ను చూసి లారీ అడ్డాల అందరు నవ్వుతుండిరి, 'కొమురయ్య పంతులు' అనేటోళ్ళు.

ఇగ యాదగిరి సంగతి. వాడు రోజు బడి ఇడిసే యాల్లకు వచ్చి గేటు కాడ నిలవడేటోడు. పొలంకెళ్ళి అట్లనే, కాళ్ళకు బురదతోని. పిల్ల సంచి వాని భుజానికి, పిల్ల వాని ఏలు పట్టుకోని. నేను ఆలస్యమైన రోజు లారీలకెళ్ళి చూస్తె వాళ్ళిద్దరి ఈపులు కనపడేటియి, సందుల మలుగుతాంటె. హారన్ కొడితె ఎనుకకు తిరిగి చెయ్యి ఊపేది. అంత దూరంకెళ్ళి మొఖం గూడ సక్కగ కనపడకపోయేది.

ఇంకోటి ఉన్నది. వాని పిల్లలు వాన్ని బాపు అంటరు గదా, అది ఇని ఇని మీ అమ్మ గూడ వాన్ని బాపు అనుడు షురూ చేసింది. మామ అనాలె, అయ్యను పిలిచినట్టు బాపు అంటాంది. మరి నన్ను? నన్ను 'లారీ బాపు' అన్నది. నవ్వుతానవా? నవ్వు. యాదగిరి గూడ నవ్విండు ఆనాడు. "చూసినవా బావా, నీకు పెద్ద పేరు పెట్టింది" అన్నడు. నేను గూడ పండ్లు కనపడేటట్టు నవ్విన. లారీ ఎక్కినంక కాజీపేట దాక గేర్లు ఇరిగేటట్టు ఏసుకుంట పోయిన. పక్కకు క్లీనర్ కూసున్నడు, వాడు బీడీ ముట్టియ్యుటానికి గూడ భయపడ్డడు.

అసూయ అంటె ఏందో నాకు అప్పుడు తెలిసింది. తమ్ముని అసొంటోడు, నా బిడ్డకు అన్నం పెడతాండు, వాని మీద నాకు కడుపు మండుతాంది. జరమొచ్చి దవాఖానకు తీస్కపోయిన అని చెప్తె, మంచిపని చేసినవు యాదగిరి అంట, లోపలేమొ, నా బిడ్డ జరంల ఉన్నప్పుడు దాని నుదురు మీద చెయ్యి పెట్టింది నువ్వు గదా అనుకునేటోన్ని. కొత్త గౌను కుట్టిస్తె గౌను మీద కోపం. మీ అమ్మ లావైతె, వాళ్ళ ఇంట్ల అన్నానికి లావైందని కోపం.

ఆఁ, లారీ. లారీ సంగతి కదా అడిగినవు.

ఆ ఏడు లారీకి ఒక రోగం పట్టింది. హైదరాబాద్ నుంచి మంచిగ వచ్చేది. భువనగిరి, ఆలేరు, జనగామ, ఏం లేదు, వేడి మీటర్‌ల ముల్లు నడిమిట్లనే ఉండేది. జనగామ దాటినంక, ఇగ ఘన్‌పూర్ వస్తదనంగ, ముల్లు లేసి ఎర్ర గీత మీద పడేది. బానెట్ సందులకెళ్ళి ఆవిరి. సరిగ్గ బడి దగ్గరికి వచ్చేవరకు ఇంజన్ బుసబుస. ఇగ ఆపకపోతె ఇంజన్ హెడ్డు పోతది. ఆపి, బానెట్ ఎత్తి, సల్లారేదాక కూసునుడే. రేడియేటర్ మూత తీస్తె మొఖం కాలుతది, జర ఆగాలె, గోనెసంచి తడిపి మూత మీదేసి మెల్లగ తిప్పాలె, ఇంజన్ నడుస్తాంటెనే నీళ్ళు కొద్దికొద్దిగ పోయాలె. మండే ఇనుము మీద సల్లనీళ్ళు గుమ్మరిస్తె పగులుతది.

ఆ సేపంత మీ అమ్మ వచ్చి నా పక్కకు కూసునేది. బడిల పాటలు పాడేది. నాకు పండుగే, కాదనను. గని నేను తెచ్చుకున్న పండుగ కాదు గదా అది.

వరంగల్ పొయ్యేవరకు లారీకి ఏం లేదు! ముల్లు నడిమిట్ల, నీళ్ళు నిండుగ, ఇంజన్ సల్లగ. మా మెకానిక్ రహీం భాయ్, మంచి పనిమంతుడు, ఫ్యాన్ బెల్ట్ చూసిండు, బిర్రుగనే ఉన్నది. థర్మోస్టాట్ పీకి పారేసిండు. రేడియేటర్ ఇప్పి సందులల్ల చువ్వలు దూర్చి మట్టి తీసిండు. నీళ్ళల్ల బుడగలొస్తున్నయా, గాస్కెట్ పోయిందా అని చూసిండు. వాటర్ పంపు ఇప్పి చూసిండు. పైపులు లీకు లేవు. "కొమురయ్యా, ఇస్మె కుచ్ నై హై. బండి నా అల్లుని కంటె మంచిగున్నది" అన్నడు.

మల్ల టిప్పు. మల్ల ఘన్‌పూర్. మల్ల ఆవిరి.

ఒకసారి, రెండుసార్లు అంటె సేటు ఊకున్నడు. తర్వాత పిలిచిండు. "కొమురయ్యా, నీ బిడ్డ యాడ సదువుతాంది?" అన్నడు. ఘన్‌పూర్‌ల సేటు అన్న. "లారీ యాడ ఆగుతాంది?" అన్నడు. "లారీకి గూడ నీ బిడ్డ మీద పాణం ఉన్నట్టున్నది" అని మునీం అన్నడు, అడ్డా అంత నవ్వింది. మునీం అంటె సేటు కాడ లెక్కలు రాసేటోడు, నోరు మంచిది కాదు వానిది. క్లీనర్ నా తరుపున చెప్పిండు గని, నా కింద బతికేటోని మాట ఎవలు నమ్ముతరు?

అప్పుడు సేటు ఏం చేసిండు, మునీంను నాతోని లారీల పంపిండు. చూసి రా అని. ఆ మునీం లారీ ఎక్కుతనె "మెల్లగ, కొమురయ్యా, నాకు కడుపుల తిప్పుతది" అన్నడు. నేను గూడ భయపడుకుంట, గుడ్లు మోసినట్టు తోలిన. జనగామ దాటింది. నేను ముల్లు దిక్కే చూస్తాన. బిడ్డా, నేను ఏం మొక్కుకున్ననో తెలుసా? దేవుడా, ఈ లారీ హీటెక్కాలె అని. డ్రైవర్ అసొంటి మొక్కు మొక్కుతడా? ముల్లు కదలలే. ఘన్‌పూర్ వచ్చింది, బడి ఎప్పుడో ఇడిసింది, గేటు కాడ ఒక్క పిల్ల లేదు. మునీం నన్ను చూసి మీసంల నవ్విండు.

వరంగల్‌ల సేటు ఒక్కటే మాట అన్నడు. "నువ్వు నిజం మనిషివని నలుగురికి చెప్పుకున్న. ఇంకొక్కసారి ఘన్‌పూర్‌ల బండి ఆగితె తాళంచెవి టేబుల్ మీద పెట్టి పో."

నౌకరి పోతదని కాదు. నౌకరి ఇంకో సేటు కాడ దొరుకుతది. అబద్ధాల డ్రైవర్ అని పేరు పడ్డంక ఆ పేరు ఎనుకకెళ్ళి వస్తది, బిడ్డ పెండ్లి దాక వస్తది. నాకు అదే భయం.

మల్ల టిప్పుల లారీ ఆగింది. ఆగదా మరి! అదే ఎర్ర గీత, అదే ఆవిరి, అదే బడి. బానెట్ ఎత్తి, తల పట్టుకోని కూసున్న. యాదగిరి పిల్లను తోల్కోని వచ్చిండు. నా మొఖం చూసి, "ఏమైంది బావా?" అన్నడు. చెప్పొద్దనుకున్న గని చెప్పిన. అంత ఇని, లారీ చుట్టు ఒకసారి తిరిగిండు.

"బావా, జనగామ దాటినంక నువ్వు ఎట్ల తోలుతవు?"

"ఎట్ల తోలుడేంది? చేతులతోని తోలుత."

"కాదు, స్పీడుగ తోలుతవా?"

"నా తోలుడు గురించి నువ్వు అడుగుడేందిరా? దున్నేటోనివి నాగలి గురించి అడుగు."

వాడు కోపానికి రాలే. అది ఇంకింత మంట నాకు. "మునీం కూసున్ననాడు మెల్లగొచ్చినవు, హీటెక్కలే. ఒక్కనివి వచ్చినప్పుడు ఎక్కుతాంది. మధ్యల ఏం మారింది బావా? నువ్వే మారినవు" అన్నడు.

నోట్లకెళ్ళి వచ్చేసింది. "ఆఁ, ఉరుకుత! నీకంటె ముందుగాల గేటు కాడికి రావాలెనని ఉరుకుత! నువ్వు సంచి భుజానికేసుకోని నా బిడ్డను తీస్కపోతాంటె ఈపులు చూడలేక ఉరుకుత! చాలునా?"

రోడ్డు మీద. పిల్ల ముందట. అప్పటిదాక నాకే తెల్వది బిడ్డా, నిజం. జనగామ దాటినంక నా కాలు బరువైతదని నాకే తెల్వది. ఆ మాట నా చెవులకు నేనే ఇన్న.

యాదగిరి పిల్ల సంచి క్లీనర్ చేతికిచ్చిండు. తర్వాత, "లారీ ఎక్కు. రేస్ ఇయ్యి. నువ్వు గేటు కాడికి వచ్చేటప్పుడు ఎట్ల ఇస్తవో అట్లనే ఇయ్యి" అని ముందుచక్రం కాడ నేల మీద బోర్ల పడి ఇంజన్ కిందికి తల పెట్టిండు. అప్పుడు మీ అమ్మ ఏమన్నదో తెలుసా? "బాపూ, నీ అంగి ఖరాబైతది" అన్నది. వానికి! నా అంగి నిండ గ్రీజు, నూనె, మసి, దాని గురించి ఎన్నడు అడుగలే. నేను ఆ కోపంతోని ఇచ్చిన రేస్... ఇంజన్ ఒర్రింది.

"ఆగు! ఆగు!" అని కింద నుంచి కేకలు. ఆపిన. "మల్ల ఇయ్యి!" ఇచ్చిన. లేసి వచ్చి, నన్ను గుంజుకపోయి వంచి చూపెట్టిండు, క్లీనర్‌ను రేస్ మీద కూసోబెట్టి. రేడియేటర్ కింది పైపు, రబ్బరుది, నా చెయ్యంత లావుది, రేస్ ఇస్తాంటె లోపలికి పీక్కపోతాంది. ముసలోడు పండ్లు తీసి దవడలు గుంజుకున్నట్టు. సాప లెక్క అతుక్కపోయింది. రేస్ తగ్గిస్తె టప్పున మల్ల గుండ్రంగ.

"మా బాయి కాడ ఇంజన్‌కు ఇట్లనే అయితది బావా. బాయిల పైపు కింది నోరు మట్టితోని నిండితె, ఇంజన్ నీళ్ళు గుంజి గుంజి పైపునే గుంజుకుంటది" అన్నడు.

ఆ పైపు లోపల స్ప్రింగు ఉంటది, పైపు అతుక్కపోకుంట. తుప్పు పట్టి ఎన్నడో ఇరిగి రాలిపోయింది. మెల్లగ తోలితె పంపు మెల్లగ గుంజుతది, పైపు నిలుస్తది. ఉరికిస్తె పైపు మూసుకుంటది, నీళ్ళు తిరుగవు, ఇంజన్ ఉడుకుతది. ఆపి చూసినోనికి ఏం కనపడది. రహీం భాయ్ తప్పు కాదు, లారీ నిలవడ్డప్పుడే చూసిండు వాడు.

దొరికింది. సంతోషపడాలె గదా? దొరికింది నాకు కాదు, వానికి. నా లారీ రోగం గూడ వానికే దొరికింది. అంత మంచిగున్నంక గూడ నాకు లోపల అదే మంట.

వరంగల్‌ల సేటును, మునీంను, రహీం భాయ్‌ను, అందరిని పిలిచి రేస్ ఇచ్చి చూపెట్టిన. రహీం భాయ్ నుదురు కొట్టుకున్నడు. సేటు వంగి చూసి, లేసి, చేతులు దులుపుకోని అడిగిండు. "సరే, పైపు ముడుచుకుంటాంది. గని ఘన్‌పూర్‌లనే ఎందుకు ముడుచుకుంటది? పైపుకు బడి గంట ఇనపడుతదా?"

ఏం చెప్పాలె? అడ్డా అంత చుట్టు నిలవడ్డది. ఏమో సేటు అంటె, అబద్ధాలోన్నే అయిత. చెప్తె, బామ్మర్దిని చూసి ఓర్వలేక లారీ ఉరికిచ్చిన అని చెప్పాలె. మొగోడు బాజార్ల చెప్పుకునే మాట కాదది. చెప్పిన. తల వంచుకోని అంత చెప్పిన. మునీం గూడ నవ్వలే.

సేటు "నమ్మిన" అన్నడు. "నువ్వు అబద్ధమాడలే. గని లోడు మీద బండిని నీ కడుపుమంట కోసం ఉరికిస్తవా? రోడ్డు మీద పిల్లలు ఉంటరు గదా కొమురయ్యా." నా కల ఆయనకు ఎవలు చెప్పిన్రో అనిపిచ్చింది. కొత్త పైపు ఏపిచ్చిండు. నన్ను ఆ రోడ్డు మీదికెళ్ళి తీసి ములుగు రోడ్డుల కట్టెల లోడుకు ఏసిండు. తాళంచెవి మిగిలింది, ఘన్‌పూర్ పోయింది. అదే లారీని వేరే డ్రైవర్ హైదరాబాద్ తీస్కపోయేటోడు, ఒక్కనాడు హీటెక్కలే.

మరి పిల్ల? అదే చెప్తాన. యాదగిరే తీస్కచ్చేటోడు, ఐతారం ఐతారం ప్యాసింజర్ బండిల వరంగల్‌కు. పొలం పని ఇడిసిపెట్టి. పొద్దంత నాకాడ ఇడిసి, వాడు అవుతల సినిమాకు పోతున్న అని చెప్పి పోయేటోడు. సినిమాకు పోలేదు వాడు, స్టేషన్‌ల బెంచీ మీద కూసునేటోడట, తర్వాత తెలిసింది. దాని మీద గూడ నాకు కోపమే వచ్చింది! అంత మంచోడు ఎందుకైతడు మనిషి?

ఇగ ఇప్పుడు నీ ప్రశ్న. వాడు పెండ్లిలల్ల ఎందుకు గట్ల చెప్తడంటె, ఆనాడు రోడ్డు మీద నేను అన్న మాట ఎవలకు తెల్వొద్దని. మా అక్క మొగడు నా మీద ఓర్వలేకపోయిండు అని చెప్తె నా ఇజ్జత్ పోతదని. అందుకే లారీ ఖరాబు కాలేదు, బిడ్డ మీద ప్రేమతోని బావ నాటకం ఆడిండు అని చెప్తడు. ఇన్నోళ్ళందరు అబ్బ, ఎంత ప్రేమ అంటరు. మీ అమ్మ గూడ అదే నమ్మింది. ఆనాడు ఇన్నది గూడ మరిచిపోయింది, చిన్నపిల్ల.

వాడు నాకు ఇచ్చిన ఆ మంచిపేరు నాకు వద్దు బిడ్డా. ఇంత వయసు వచ్చింది, పండ్లు ఊడినయి, ఇంక గూడ వాని చేతులకెళ్ళే తీసుకోవాల్నా నేను?

ఇగో, అంత పడ్డదా ఫోన్ల? మీ అమ్మకు ఇనిపియ్యి. నీ తమ్మునికి ఇనిపియ్యి. రేపు మీకు పిల్లలు పుడితె వాళ్ళకు గూడ చెప్పుండ్రి. మీ తాత ఒక్క అబద్ధం ఆడలే, ఘన్‌పూర్ కాడ లారీ నిజంగనే హీటెక్కింది. ఎందుకు ఎక్కిందో అది గూడ చెప్పుండ్రి, దాయకుండ్రి. యాదగిరిని చూసి మీ తాత కడుపు మండింది, అందుకు ఎక్కింది. పైపు కనిపెట్టింది గూడ యాదగిరే అని... చెప్పుండ్రి, సరే, అది గూడ చెప్పుండ్రి.

సల్లగుండుండ్రి బిడ్డా. ఆఁ, ఇగ బంద్ చెయ్యి.